ఏడువందల ఇరవై దిమ్మలు

త్రినాధరావు గారు నా చేతికిచ్చిన కాగితాలు పదకొండు. విశాఖపట్నంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆయన మేనల్లుడు ప్రింటు తీసి పంపాడట. యూరప్ దేశాలు లారీల బరువుకీ, పొడవుకీ, వెడల్పుకీ అందరికీ ఒకే హద్దు ఎలా పెట్టుకున్నాయన్నది వాటిలోని విషయం. త్రినాధరావు గారు మా ఊళ్ళో ఒక లారీ ఓనర్ల సంఘానికి కార్యదర్శి. ఆదివారం సభ ఉందనీ, ఒరిస్సా వైపు ఓనర్లు కూడా వస్తున్నారనీ, దీన్ని నాలుగు పేజీల తెలుగులో పెట్టి నేనే చదవాలనీ చెప్పారు.

“అన్నేసి దేశాలోళ్ళు, ఒకడి బాస ఒకడికి రాదు, ఆళ్ళు ఒక లెక్కకొచ్చేరు మాస్టారూ. బోర్డరు గేటుకి ఇవతలోళ్ళం, అవతలోళ్ళం మనం రాలేకపోతన్నాం. అది గట్టిగా రాయండి” అన్నారు. లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. “ఆఖర్న రూఫస్ సంగతి కూడా. రెండు రాష్ట్రాల రెండు లెక్కల మద్దిన నలిగిపోయేడని రాయండి. జ్యోతమ్మని పైకి పిలిచి శాలువా కప్పుదాం.”

రూఫస్ నా తమ్ముడు, జ్యోతమ్మ వాడి భార్య. తొమ్మిదేళ్ళు త్రినాధరావు గారి లారీ నడిపాడు. కిందటి మార్చిలో బెల్లం లోడుతో ఒరిస్సాలోని కోరాపుట్ వెళ్తూ సరిహద్దు గేటు దగ్గర ఆగాడు. అక్కడి కాటా మీద బరువు ఎక్కువ తేలింది. ఎక్కువున్నది దింపి రమ్మని వెనక్కి పంపారు. సాలూరు ఘాట్ దిగుతుండగా బ్రేకులు పట్టలేదు.

అప్పట్లో మన వైపు కొంత అదనపు బరువుకి కార్డులుండేవి. కార్డున్న లారీని ఇక్కడ ఎవరూ కాటా ఎక్కించేవారు కాదు. అవతల ఆ కార్డు చెల్లేది కాదు. మొన్న నవంబరులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి ఎక్కడా ఉండకూడదంది. ఓనర్ల గొడవంతా అప్పట్నుంచే. కాబట్టి త్రినాధరావు గారు రాయమన్న మాట అబద్ధం కాదు. ఇక్కడే తూచి ఆపి ఉంటే రూఫస్ ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినేవాడు.

కానీ బరువెందుకు ఎక్కువైందో నాకు తెలుసు.

మా బెల్లం మార్కెట్టులో రైతు సరుకు అమ్మేటప్పుడు కొలగార్లు తూస్తారు. లారీకి ఎక్కించేటప్పుడు నాలుగైదు కొట్ల సరుకు కలిసిపోతుంది. అప్పుడు మళ్ళీ తూచరు. కలాసీలు బెల్లం దిమ్మలు లెక్కపెట్టి ఎక్కిస్తారు. రెండేళ్ళ కిందట జనవరిలో రూఫస్ నా దగ్గరికొచ్చి, ఎన్ని దిమ్మలకి ఎంత బరువో ఒక కాగితం మీద రాసిమ్మన్నాడు. “తొమ్మిది టన్నులు దాటకూడదు అన్నయ్యా. కలాసీలు ఏడొందలంటారు, ఎనిమిదొందలంటారు. నాకో లెక్కుండాలి” అన్నాడు.

నేను మార్కెట్టుకి వెళ్ళి ఒక కొట్లో ఇరవై దిమ్మలు తూయించాను. సగటు పన్నెండున్నర కిలోలు వచ్చింది. ఏడువందల ఇరవై దిమ్మలకి తొమ్మిది టన్నులు. గీతలు కొట్టి, ఎర్ర సిరాతో శీర్షిక పెట్టి, నూరు దిమ్మల నుంచి ఏడువందల ఇరవై దాకా పట్టిక రాసిచ్చాను. నేను తూయించిన ఇరవై దిమ్మలూ ఒకే ఊరివి. అది నేను అడగలేదు.

రూఫస్ పోయాక ఈస్టరు దాటిన వారం మళ్ళీ వెళ్ళి, వేరే ఊరి దిమ్మలు తూయించాను. అవి పదిహేను కిలోలున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. త్రినాధరావు గారు కాగితాలిచ్చేనాటికి పది నెలలైంది.

* * *

కృపాజ్యోతి, రూఫస్ భార్య, మా వీధి చివర అంగన్‌వాడీ నడుపుతుంది. సోమవారం బడి వదిలాక అక్కడికి వెళ్ళాను. పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె చాపలు దులిపి చుడుతోంది. సభ సంగతి, శాలువా సంగతి చెప్పాను.

“శాలువా ఎందుకండి బావగారూ, చలికాలం అయిపోయింది కదా” అంది.

“త్రినాధరావు గారు అడగమన్నారు.”

“ఆయన లారీ కదా, ఆయన్నే కప్పుకోమనండి.” చాప గోడకి ఆనించింది. ఇంకో చాప అందుకుంది. నేను వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

“సుజి కడుపులో ఉన్నప్పుడు పాయకరావుపేట దగ్గర ఈయన లారీ పక్కకి పడిపోయింది, గుర్తుందా మీకు? అప్పుడు బైబిలు మీద చెయ్యేయించేను. బరువు ఎక్కువ ఎక్కించనని. ఎనిమిదేళ్ళు మాట మీద ఉన్నారు. ఆరోజు గేటు దగ్గర బూత్ నుంచి ఫోన్ చేసేరు. బరువెక్కువని ఆపేరు జ్యోతీ, నేనేం ఎక్కువెయ్యలేదు అన్నారు. అబద్ధం ఆడకండి అని పెట్టేసేను.”

ఫోను సంగతి నాకు అంతవరకు తెలియదు.

“కాటా అబద్ధం చెప్పదు కదండి. ఆయన చెప్పేరు. దానికి శాలువా కప్పుతామంటే నేనొచ్చి నిలబడాలా?”

నోరు తెరిచాను. చెప్పాల్సిన మాటలు నాలుగే. లెక్క నాది, తప్పు నాది. నేనన్నది మాత్రం, “ఆదివారానికి ఇంకా టైముంది, ఆలోచించు” అని.

ఇంటికి తిన్నగా రాలేకపోయాను. వంతెన దాకా నడిచి, తిరిగి వచ్చి, గేటు తీయకుండా మళ్ళీ వెళ్ళాను. తమ్ముడు పోయాడన్న బాధకి ఇన్ని నెలల్లో ఏదో ఒక చోటు దొరికింది అనుకున్నాను. వాడు అబద్ధాలకోరుగా ఆ ఇంట్లో మిగిలిపోయాడని తెలిశాక ఆ చోటు కూడా లేదు.

* * *

మంగళవారం నుంచి తెలుగు చేయడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాసి లేచేవాణ్ణి. నీళ్ళు తాగి వచ్చి, రాసినవి కొట్టేసేవాణ్ణి.

కాగితాల్లో ఉన్నది ఆసక్తిగానే ఉంది. ఒక దేశంలో సరైన బరువున్న లారీ, ఒక వంతెన దాటి ఇంకో దేశంలో అడుగు పెడితే నేరం చేసినట్టే. ఒకే లెక్కకి రావడానికి ఇరవై ఏళ్ళకి పైగా కూర్చుని వాదించుకున్నారు. మొత్తం బరువు కన్నా ఒక్కో ఇరుసు మీద ఎంత పడాలన్న దాని మీదే పట్టుదల ఎక్కువ. చివరికి ఐదు ఇరుసుల బండికి నలభై టన్నులన్నారు. బ్రిటన్ మాత్రం మా వంతెనలు పాతవి, బాగు చేసుకునే దాకా ఆగండి అని చాలా ఏళ్ళు గడువు తీసుకుంది. వెడల్పు రెండు మీటర్ల యాభై ఐదు సెంటీమీటర్లు. చల్లగా ఉంచే సరుకు బండికి ఇంకో ఐదు సెంటీమీటర్లు ఇచ్చారు. ఎందుకంటే చలి బయటికి పోకుండా దాని గోడలు మందంగా కట్టాలి.

ఆ ఐదు సెంటీమీటర్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అన్ని దేశాల పెద్దలు కూర్చుని, గోడ ఎంత మందమో అడిగారు. నేను ఇరవై దిమ్మలు ముందు పెట్టుకుని, ఇవి ఏ ఊరివని అడగలేదు.

గురువారం పొద్దున్న బడికి సెలవు పెట్టి మార్కెట్టుకి వెళ్ళాను. కొలగారి సింహాచలం కాటా పక్కన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు.

“రండి మాస్టారూ. మళ్ళీ తూయిత్తారేటి? ఈసారి మీ కాలరు మాసిపోకుండా నేను ఎత్తుతాన్లెండి.”

“ఊరికొక రకంగా ఉంటుందా దిమ్మ?” అని అడిగాను. సమాధానం తెలిసే అడిగాను.

లేచి రెండు దిమ్మలు చూపించాడు. “ఇది కశింకోట వైపుది. పన్నెండు, మాంచి తడుంటే పదమూడు. ఇది రాంబిల్లి వైపుది. ఆళ్ళు బెల్లం పోసే గిన్ని లోతు. పదిహేనుకి తగ్గదు. ఎవడి గిన్ని ఆడిది. ఆడి తాత సేయించిన గిన్ని, ఆడు మార్సడు.”

“మరి నేను లెక్క రాసిన రోజు నువ్విక్కడే ఉన్నావు కదా. నాకెందుకు చెప్పలేదు?”

సింహాచలం నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీరు మాస్టారు కదండీ. తెలిసే రాసేరనుకున్నాం.”

ఇంతలో ఒక లారీ వెనక్కి వచ్చి కొట్టు ముందు ఆగింది. డ్రైవరు దిగాడు. నాకు కొత్త మనిషి. కలాసీలతో, “ఏడొందల ఇరవై ఎక్కించండి మామా. కోర్టు గొడవలున్నాయి, ఒక్కటి ఎక్కువైనా ఊరుకోను. మాస్టారి లెక్క” అన్నాడు. జేబులోంచి మడతలు పడ్డ జిరాక్సు కాగితం తీశాడు. గీతలు నేను కొట్టినవే. శీర్షిక మాత్రం నల్లగా వచ్చింది.

ఎక్కించబోతున్న దిమ్మలు రాంబిల్లివి.

“ఆ కాగితం తప్పు” అన్నాను.

“తప్పేటండి? గవర్నమెంటు టీచరు రాసింది. డ్రైవర్లందరి దగ్గరా ఉంది” అన్నాడు. నా వైపు ఎగాదిగా చూశాడు. “మీకేటి తెలుసని?”

“అది రాసింది నేనే.”

“అయితే సంతకం ఎట్టండి మరి” అన్నాడు, నమ్మకుండా. కలాసీలు నవ్వారు.

సింహాచలం బీడీ పారేసి నా పక్కకొచ్చాడు. “ఆయనే ఆ మాస్టారు బావా. ఇయ్యి పెద్ద దిమ్మలు. ఆరొందలు ఎక్కించుకో.” డ్రైవరు గొణుగుతూ ఒప్పుకున్నాడు. కాగితం మాత్రం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. మార్కెట్టులో ఇంకెన్ని ఉన్నాయని సింహాచలాన్ని అడిగాను. ఎవరు లెక్కపెట్టేరండీ అన్నాడు.

* * *

శనివారం అంగన్‌వాడీలో పిల్లల్ని తూచే రోజు. దూలానికి కాటా వేలాడుతోంది. దానికి గుడ్డతో కుట్టిన సంచి, కాళ్ళు దూర్చడానికి రెండు కన్నాలు. కృపాజ్యోతి ఒక్కో పిల్లని అందులో కూర్చోబెట్టి, ముల్లు ఆగే దాకా చూసి, రిజిస్టరులో రాస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. తల్లులందరూ వెళ్ళేలోగా రెండుసార్లు వెళ్ళిపోదామనుకున్నాను.

అందరూ వెళ్ళాక చెప్పాను. జనవరి నుంచి మొదలుపెట్టి, ఇరవై దిమ్మలు, ఒకే ఊరు, పన్నెండున్నర, పదిహేను. ఏదీ మెత్తగా చెప్పలేదు. “వాడు నీతో నిజమే చెప్పాడు. ఎక్కువ వేసినట్టు వాడికి తెలియదు. నా కాగితం నమ్మాడు.”

ఆమె రిజిస్టరు మూయలేదు. పెన్ను చేతిలోనే ఉంది.

“మీకెప్పుడు తెలిసింది?”

“ఈస్టరు అయిన వారానికి.”

“ఇప్పుడు ఫిబ్రవరి కదండి.”

“అవును.”

“సోమవారం వచ్చేరు. నేనంత చెప్పేను. అప్పుడూ ఊరుకున్నారు.”

“ఊరుకున్నాను.”

కాటాకి వేలాడుతున్న సంచిని చేత్తో ఆపింది. అప్పటిదాకా అది కొద్దిగా ఊగుతూనే ఉంది.

“మా సెంటర్లో ముప్పై నలుగురు పిల్లలు. ఏడ్చినోళ్ళనీ, తన్నినోళ్ళనీ, అందర్నీ తూస్తాను. ఏడో క్లాసు పాసైన ఆయాకి కూడా తెలుసు, ఇరవై మందిని తూసి మిగిలినోళ్ళకి అదే రాసేయకూడదని. మీరు ఎమ్మే కదండి.”

పెన్నుకి మూత పెట్టి నా వైపు తిరిగింది.

“సభలో ఏం చదువుతారు?”

“త్రినాధరావు గారు రాయమన్నది రాశాను. ఆఖరి పేజీ ఇంకా రాయలేదు.”

“రాయండి. నేను వస్తాను. పైకి రాను, శాలువా గీలువా నాకొద్దు. కింద కూర్చుని వింటాను.” రిజిస్టరు ముందుకి లాక్కుంది. “ఇప్పుడు వెళ్ళండి. ఇది ఎక్కించుకోవాలి నేను.”

* * *

సభ ఆదివారం సాయంత్రం నాలుగింటికి, హైవే పక్కన సంఘం షెడ్డులో. నూటయాభై మంది దాకా ఉన్నారు. ఓనర్లు కుర్చీల్లో, డ్రైవర్లూ కలాసీలూ బెల్లం రైతులూ వెనక నిలబడి. కృపాజ్యోతి సుజిని పక్కన పెట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. సుజికి తొమ్మిదేళ్ళు.

యూరప్ సంగతి జనం బాగానే విన్నారు. నలభై టన్నులనగానే వెనక నుంచి ఎవరో, “ఆ రోడ్లు మనకిప్పించండి, అరవై ఏత్తాం” అన్నాడు. వంతెనల కోసం గడువు తీసుకున్న సంగతి చెబితే ఒరిస్సా ఓనరొకాయన తలూపి పక్కాయనకి ఒరియాలో చెప్పాడు. బరువు ఒకటే కావాలి, కాటా ఇక్కడే ఉండాలి, ఇక్కడ తూచిన చీటీ అవతల చెల్లాలి అన్న మూడు కోరికలూ చదివాను. చప్పట్లు కొట్టారు.

ఆఖరి పేజీ తీశాను. అందులో ఎనిమిది వాక్యాలు.

“నా తమ్ముడు రూఫస్ బరువు ఎక్కువని తెలిసి లారీ ఎక్కలేదు. దిమ్మల లెక్క పట్టిక అతనికి రాసిచ్చింది నేను. అన్ని ఊళ్ళ దిమ్మలూ ఒకటే అనుకుని రాశాను. ఆ లెక్క తప్పు. ఆ సంగతి పది నెలలుగా తెలిసి చెప్పలేదు. ఆ పట్టిక నకళ్ళు ఇంకా మీ జేబుల్లో ఉన్నాయి. దయచేసి వాటిని చింపేయండి. దిమ్మలు లెక్కపెట్టకండి, లారీని తూయండి.”

చదువుతున్నంతసేపూ కాగితం మీదే కళ్ళు పెట్టాను. తల ఎత్తేసరికి త్రినాధరావు గారు మైకు అందుకున్నారు. “మాస్టారు బాదలో ఉన్నారు. తమ్ముడి మీద పేమకొద్దీ తప్పు తన మీదేసుకుంటన్నారు. మనం అర్దం సేసుకోవాలి.”

“లేదండీ. తూయించింది ఇరవై దిమ్మలే” అన్నాను.

అప్పుడు వెనక నుంచి సింహాచలం గొంతు వినిపించింది. “మాస్టారు సెప్పింది నిజం. ఓనర్లు బరువు ఒకటి సెయ్యమంటన్నారు, బాగుంది. ముందు మన గిన్నిలు ఒకటి సేసుకోవాల.”

“ఎవడి గిన్నికి?” అన్నాడు ఒక రైతు.

“మా గిన్నికి. ఎత్తడానికి ఈజీ” అన్నాడు కశింకోట వైపు రైతు.

“మా తాత గిన్ని నువ్వు మార్పిత్తావేటి? నీ గిన్నే లోతు సేయించుకో.”

“లోతు సేయిత్తే నడుం ఇరిగేది నీదా నాదా? ఎత్తేది నేను” అన్నాడు ఒక కలాసీ.

ఒరిస్సా ఓనర్లు ఏం జరుగుతోందో తెలియక అటూ ఇటూ చూశారు. త్రినాధరావు గారు బల్ల చరిచారు. ఎవరూ ఆగలేదు. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు జేబుల్లోంచి కాగితాలు తీసి చూసుకోవడం కనిపించింది. ఒకతను చింపాడు. మిగిలినవాళ్ళు చింపారో లేదో చూడలేదు. తలుపు దగ్గర కృపాజ్యోతి లేచింది.

నేను వేదిక దిగి వెళ్ళేసరికి ఆమె సుజి చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆ చప్పుడు తగ్గే దాకా ఆగింది.

“క్రిస్మస్‌కి సమాధుల తోటకి రమ్మంటే ఇది రానంది” అంది, నా వైపు చూడకుండా. “నాన్న అబద్ధాలోడు అంది. అది దానికి నేను చెప్పిందే. ఎవరి మీదో కోపంలో చెప్పేను. ఇప్పుడు కాదని నేను చెప్తే నమ్మదు. మీరు చెప్పండి.”

సుజి మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. నేను వంగి దాని ఎత్తుకి వచ్చాను. క్లాసులో ఎంత కష్టమైన పాఠమైనా ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుసు. ఇక్కడ తెలియలేదు.

“నాన్న ఆ రోజు ఫోన్లో అమ్మకి నిజమే చెప్పాడు” అన్నాను.

“ఎక్కువ వెయ్యలేదా?”

“ఎక్కువైంది. కానీ తనకి తెలియదు. నేను తప్పు లెక్క రాసిచ్చాను. అది కరెక్టు అనుకున్నాడు.”

“మీరా?”

“నేనే.”

కాసేపు నన్నే చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది. “నిజమేనా అమ్మా?”

“నిజమే” అంది కృపాజ్యోతి.

సుజి చెప్పు కాలితో రోడ్డు పక్కన కంకర కదిపింది. లోపల షెడ్డులో ఎవరో ఇంకా గట్టిగా మాట్లాడుతున్నారు. కాసేపయ్యాక, “రేపు సాయంత్రం లెక్కల ట్యూషనుకి రావాలా పెదనాన్నా?” అంది.

నేను రమ్మనబోయాను. కృపాజ్యోతి ముందే అంది. “రేపు కాదు. రేపు మనిద్దరం నాన్న దగ్గరికి వెళ్తున్నాం.” నా వైపు చూసింది. “మీరు ఇంకో రోజు వెళ్ళండి బావగారూ.”

“అలాగే” అన్నాను.

రోడ్డు ఖాళీ అయింది. సుజి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆమె దాటింది.